బస్తీ పిల్లగాని పానానికి ఎవరు జిమ్మేదారు?

(బస్తీ సభల చేసిన ప్రసంగ పాఠం)



బస్తీల పసిపిల్లగాడు సచ్చిపోతే మన దిక్కు ఒక మాట అంటరు: "వాని నసీబు గంతే." ఆ మాటను ఇయ్యాల ఇప్పి చూడాలె. గీ నసీబు పేదోళ్ల గల్లీలల్లనే ఎందుకు తిరుగుతది? గేటు దాటి పెద్ద కాలనీలకు ఎందుకు పోదు?

2023 ఫిబ్రవరిల అంబర్‌పేటల నాలుగేండ్ల పిల్లగాన్ని వీధి కుక్కలు సంపినయి. దేశమంత టీవీల చూసింది. కుక్కలను ఏం చేయాలె అని అందరు కొట్లాడిన్రు. అసలు సంగతి పక్కకు పోయింది. ఆ బిడ్డ తండ్రి వాచ్‌మన్. ఆదివారం పూట పనికాడికి పిల్లలను ఎంటవెట్టుకొని పోయిండు. ఇంకేడ విడువాలె? అంగన్‌వాడీ ఆదివారం ఉండదు, మిగిలిన దినాలల్ల కూడ పొద్దుగూకేదాకా ఉండదు.

చట్టం లేదా? ఉన్నది. యాభై మందికి మించి ఆడోళ్లు ఇండ్లు కట్టే పనిల ఉంటే పిల్లలకు గది పెట్టాలని 1996 చట్టం చెప్పింది. యాభై మంది, అంతకు ఎక్కువ ఉన్న సంస్థల శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017ల సవరించిన ప్రసూతి చట్టం చెప్పింది. మరి నాలుగిండ్లల్ల బోళ్లు తోమే అక్క ఏ యాభై మందిల లెక్క? గేటు కాడ ఒక్కడే నిలవడే వాచ్‌మన్ ఏ లెక్క? నగరంల ఎక్కువ మంది పేదోళ్లు చేసేది గసొంటి పనులే. చట్టం వాళ్ల గడప దాకా రాలే.

పిల్లగాడు కొంచెం పెద్దగైతే ఇంకో ఆపద. 2015 జనవరిల పాతబస్తీ గాజుల కార్ఖానాలల్ల పోలీసులు సోదా చేస్తే 200 మందికి పైగా పిల్లలు దొరికిన్రు. ఎక్కువ మంది బీహార్ పిల్లలు. వాళ్లు పరాయోళ్లు అనుకోకున్రి. మన పాలమూరు వలస బిడ్డల కష్టం, వాళ్ల కష్టం ఒక్కటే. 2016ల బాలకార్మిక చట్టాన్ని సవరించిన్రు. పద్నాలుగేండ్ల లోపోళ్లను పనిల పెట్టొద్దన్నరు, కానీ బడి అయినంక కుటుంబ పనిల, ప్రమాదం లేనిదైతే, సాయం చేయొచ్చన్నరు. మేనమామ, చిన్నాయన కూడ ఆ కుటుంబంల లెక్కే. చాటుకు పని చేయించెటోనికి గింత సందు చాలదా?

బడి సంగతి చూడున్రి. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులల్ల 25 శాతం సీట్లు పేద, వెనుకబడ్డ పిల్లలకు ఇయ్యాలన్నది. 2014 జూన్ 2న రాష్ట్రమొచ్చింది. పదేండ్లు నిండేదాకా ఆ సీట్లు మన పిల్లలకు అందలే.

1969ల తూటాలకు ఒరిగినోళ్లు, 2009 తర్వాత పానాలు ఇడిసినోళ్లు ఎక్కువ మంది పడుచు పిల్లలే. వాళ్ల పానాల మీద రాష్ట్రం తెచ్చుకున్నం. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నం. బస్తీ పిల్లగాని పానం గా నిధులల్ల లెక్కకు రావాలె.

అందుకే మూడు అడుగుతున్నం. ప్రతి బస్తీల పొద్దుగాల నుంచి రాత్రిదాకా, ఆదివారం సుత, పిల్లలను చూసుకునే కేంద్రం ఉండాలె. 25 శాతం సీట్లు ఏ బడి ఎన్ని ఇచ్చిందో వార్డు ఆఫీసు గోడకు రాయాలె. పనిల నుంచి విడిపించిన పిల్లగాడు మళ్ల బడికి పోతున్నడా లేదా అని సర్కారు ఏటా లెక్క చెప్పాలె.

ఇది ధర్మం అడుగుడు గాదు, హక్కు అడుగుడు. వచ్చే వార్డు సభకు అందరు రాన్రి, గీ మూడు ప్రశ్నలు పట్టుకొని రాన్రి.

జై తెలంగాణ!