బాటసారికి తావు



బాటసారి శ్రమ తీర్చుట ఈ గడ్డపై రాజధర్మముగా ఎంచబడినది. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి శిలలపై నేటికిని నిలిచియున్న అశోకుని శాసనములలో, త్రోవల వెంబడి బావులు త్రవ్వించి చెట్లు నాటించిన సంగతి కలదు.

గ్రామమున రచ్చబండ యున్నది. నగరమున ఆసుపత్రికి పోవు వృద్ధురాలు నడుమ అలసినచో, దుకాణపు మెట్టు తప్ప కూర్చుండ తావు లేదు, అచటనుండియు లేపుదురు. చక్రముల కుర్చీలో పోవువానికి జానెడు గట్టే కోటగోడ.

ఈ కొరత దాతల దయకు విడువదగినది కాదు. రహదారులు వికలాంగులకు సుగమముగా నుండవలెనని 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము విధించినది. రహదారులను, బస్సులాగు చోట్లను పురపాలక సంఘములకు అప్పగింపదగిన పనులలో 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చేర్చినది.

కావున నగరపాలకులకు పంపు అర్జీ మొరవలె గాక పద్దువలె నుండవలెను: ఏ వీథి, ఏ మలుపు, ఎన్ని బల్లలు, ఎచ్చట నీడ. అడుగెత్తు గట్టునకు కనీసము పన్నెండడుగుల పొడవున వాలు కావలెనని లెక్క చూపవలెను. అక్షరము రాని వృద్ధులకు అట్టి అర్జీ వ్రాసియిచ్చుట గ్రంథాలయ పాఠకుల విధి. చదివిన చదువు ఒకరి కాలినొప్పి తీర్చిననాడే సార్థకము.