తృణీకారము

నేను గురుముఖమున చదివినవాడను కాను. పగలు ఊరి లెక్కలు వ్రాసికొని, రాత్రులు ఈ గ్రంథాలయపు నిఘంటువులతో కుస్తీ పట్టినవాడను. తప్పులున్న పండితులు మన్నింతురుగాక.

నేడు విన్నవింపదలచినది 'తృణీకార' మను ఒక్క మాటను గూర్చి. తృణమనగా గడ్డి. ఒకనిని గడ్డిపోచగా ఎంచుట తృణీకారము. తెలుగున మనమును 'వాడు నాకు పూచికపుల్ల' అందుము. అనాదరము తోచునపుడు 'ఎంచు' అను క్రియయొక్క కర్మకు, అది ప్రాణి కానిచో, చతుర్థీ విభక్తియు రావచ్చునని పాణిని అష్టాధ్యాయి రెండవ అధ్యాయమున సూత్రించెను. దానికి వ్యాఖ్యాతలు చూపు ఉదాహరణము గడ్డియే. తిరస్కారమునకును వ్యాకరణమున ఒక విభక్తి! ఇక 'తృణ' శబ్దము 'తృణీ' యైనది చ్వి ప్రత్యయముచేత. ముందు ఏది కాదో దానిని అదిగా చేయుట ఆ ప్రత్యయార్థము. కావున తృణీకరించుట యనగా గడ్డి కానివానిని గడ్డిగా చేయుట. ఆ మనుష్యుడు గడ్డి కాడని ఆ మాటయే ఒప్పుకొనుచున్నది.

అయినను గడ్డి మాత్రము అంత అల్పమా? కేనోపనిషత్తున యక్షుడు ముందుంచిన గడ్డిపోచను అగ్ని కాల్చలేకపోయెను, వాయువు ఎత్తుకొనిపోలేకపోయెను. అశోకవనమున సీతాదేవి రావణునకును తనకును నడుమ గడ్డిపోచ నుంచి మాటలాడెను. కొందఱు దానిని తెర యందురు. కొందఱు 'నీవు నాకింతే' యనుట యందురు.

ఈ గ్రంథాలయము వెలసిన తొలి యేండ్లలో, ఈ అరుగుమీదనే, ఆ ఘట్టమును చదివి చెప్పుచుంటిని. గడ్డి కోసి అమ్ముకొను ముసలివాడొకడు మెట్లక్రింద కూర్చుండి వినుచు, "ఏ గడ్డండి బాబూ అది? గరికా, దర్భా, తుంగా?" అని అడిగెను. "గడ్డియన్న గడ్డియే, నీకెందుకు పో" అంటిని. సభ నవ్వినది. నేనును నవ్వితిని. మఱునాడు అతడు రాలేదు. మరి రానేలేదు.

పిమ్మట పుస్తకము విప్పి చూచితిని. కాకాసురునిపై రాముడు ప్రయోగించినది దర్భయని ఆ సుందరకాండలోనే స్పష్టముగా నున్నది. సీత ఉంచినదానికి తృణమను సామాన్య నామమే కాని జాతి చెప్పబడలేదు. పండ్రెండు మాసములు గడ్డిలో మెలగినవాడు కనుక అతనికి ఆ సందేహము కలిగినది, నాకు కలుగలేదు.

అతడు గతించి చాల యేండ్లైనది. అతని మనుమడు ఇచ్చట పుస్తకములు తీసికొనిపోవుచుండును. ఇప్పుడును వెనుక వరుసలో నున్నాడు. నాయనా, మీ తాత అడిగినదానికి బదులు ఆలస్యముగా చెప్పుచున్నాను. వాల్మీకి గడ్డి యని మాత్రమే అనెను, పేరు చెప్పలేదు. అటువంటి తోటలో ఏ గడ్డి మొలచియుండునో మీ తాతయే చెప్పగలిగియుండును.