బంగారు పాము నుంచి సుబ్బరోమైసిస్ దాకా

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)



సుబ్బారావుగారి పేరు వినగానే అందరికీ మందులు గుర్తొస్తాయి. వృక్షశాస్త్రం చెప్పుకుని బతికిన నాకు మాత్రం ఒక శిలీంద్రం గుర్తొస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన 1948లో అమెరికాలో కన్నుమూశారు. ఐదేళ్ళ తరవాత, 1953లో, హెసెల్‌టైన్ అనే శాస్త్రవేత్త మురుగునీటిని శుద్ధిచేసే చోట పెరిగే ఒక కొత్త శిలీంద్రాన్ని వర్ణిస్తూ దాని ప్రజాతికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. విగ్రహం ఒక ఊరి కూడలిలో ఉంటుంది. ఈ పేరు అలా కాదు. ఆ శిలీంద్రం గురించి ఏ దేశంలో ఎవరు రాసినా మన సుబ్బారావుగారిని తలవక తప్పదు. అందుకే ఈ రోజు పేర్ల గురించి మాట్లాడదామనుకున్నాను.

శాస్త్రీయనామంలో రెండు మాటలుంటాయి. మొదటిది ప్రజాతి, రెండోది జాతి. తెలుగువాడికి ఇది వెంటనే అర్థం కావాలి. మనం యల్లాప్రగడ అని ఇంటిపేరు ముందు చెప్పి, సుబ్బారావు అని సొంతపేరు తరవాత చెబుతాం. ఇదీ అంతే. ఒకప్పుడు ఒక్కో మొక్కకు లాటిన్‌లో ఒక వాక్యమంత పేరుండేది, అదీ పండితుడికొక తీరుగా. స్వీడన్ దేశపు లినేయస్ దాన్ని రెండు మాటలకు కుదించి స్థిరపరిచాడు. మొక్కల పేర్లకు ఆయన 1753 నాటి గ్రంథం, జంతువుల పేర్లకు 1758 నాటి గ్రంథం మొదలు. అంతకు ముందువి లెక్కలోకి రావు. ఆ తరవాత ఒకే ప్రాణికి ఇద్దరు పేర్లు పెడితే, సాధారణంగా ముందు ప్రచురించినవారి మాటే నిలుస్తుంది.

పొద్దున తాలింపులో వేసిన కరివేపాకు రెమ్మనే తీసుకోండి. 1771లో లినేయస్ దానికి బెర్గెరా కోనిగీ అని పేరు పెట్టాడు. కోనిగ్ ఆయన శిష్యుడే. 1768లో తరంగంబాడికి వైద్యుడిగా వచ్చి, తీరం వెంట మొక్కలు సేకరిస్తూ తిరిగాడు. 1785లో కలకత్తాకు ప్రయాణమై, దారిలో విరేచనాలు పట్టుకుని, మన కాకినాడ జగన్నాథపురంలో ప్రాణం విడిచాడు. దగ్గరుండి వైద్యం చేసినవాడు సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్. లినేయస్ ఎదుట కూర్చుని చదువుకున్న మనిషి గోదావరి సీమలో కన్నుమూశాడన్న సంగతి మన పిల్లలకు ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పరు.

1825లో స్ప్రెంగెల్ ఈ చెట్టును ముర్రాయా ప్రజాతిలోకి మార్చాడు. బెర్గెరా పోయింది గాని కోనిగీ పోలేదు. దత్తత వెళ్ళిన బిడ్డకు ఇంటిపేరు మారుతుంది, సొంతపేరు ఉంటుంది. మొక్కల పేర్ల చివర బ్రాకెట్లో ఒకరు, బయట ఒకరు కనిపిస్తారే, దాని అర్థం అదే. బ్రాకెట్లో ఉన్నది పుట్టినప్పుడు పేరు పెట్టినవారు, బయట ఉన్నది దత్తత చేసినవారు. జన్యు పరిశీలనల తరవాత కొన్ని ప్రామాణిక జాబితాలు కరివేపాకును మళ్ళీ బెర్గెరా ఇంటికే చేర్చాయి. పేర్లు ఇలా మారుస్తుంటే ఎలా అని విసుక్కునేవారున్నారు. నేను విసుక్కోను. చుట్టరికం తప్పని తేలాక పాత ఇంటిపేరే పట్టుకు వేలాడటం చదువు కాదు.

ఇప్పుడు విశాఖపట్నం వెళదాం. అక్కడ పనిచేసిన వైద్యుడు ప్యాట్రిక్ రసెల్ 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద గ్రంథం వేశాడు. అందులో పాముల బొమ్మలతో పాటు ఊళ్ళో జనం చెప్పిన తెలుగు పేర్లనూ ఇంగ్లిష్ లిపిలో ఎక్కించాడు. పసుపు పట్టీల పాము ఒకదానికి ‘బంగారు పాము’ అని రాసుకున్నాడు. 1803లో ఫ్రాన్స్‌లో దోదాఁ ఆ మాటనే లాటిన్ చేసి బంగారస్ అనే ప్రజాతిని స్థాపించాడు. మన కట్లపాము కూడా ఆ ప్రజాతిలోదే. దాని ఒంటి మీద పసుపు ఛాయే లేదు, నల్లటి మేని మీద తెల్లటి గీతలు. అయినా దాని పేరు బంగారస్ సెరూలియస్, అంటే నీలి రంగు బంగారం! సుబ్బారావుగారి పర్యవేక్షణలో డగ్గర్ అనే శాస్త్రవేత్త వెలికితీసిన ఔషధ సూక్ష్మజీవి పేరులోనూ బంగారం ఉంది. ఆరియోఫేసియెన్స్ అంటే బంగారు రంగు చేసేది. అక్కడ బంగారం లాటిన్‌ది, ఇక్కడ అచ్చంగా మనది.

రసెల్ పుస్తకంలోనే మరో పాముంది, ‘కాటుక రేకుల పొడ’. వీపు పొడవునా కాటుక దిద్దినట్టు నల్లటి అంచుల మచ్చలు. ఆ పామును చూసి ఇంత అందమైన మాట కట్టినవాళ్ళు ఎవరో! 1797లో దాని శాస్త్రీయనామంలోకి ఎక్కింది రసెల్ పేరు. తెలుగు పేరు ఆ బొమ్మ దగ్గరే ఉండిపోయింది. రాక్స్‌బర్గ్ వర్ణించిన సోమిద చెట్టుకు కాస్త న్యాయం జరిగింది. జ్వరానికి వాడే బెరడు దానిది. ఆయన దాన్ని మహాగని ప్రజాతిలో పెడితే, 1830లో జుస్యూ వేరుచేసి సోయ్‌మిడా అనే పేరుతో కొత్త ప్రజాతిని కట్టాడు. ఆ ప్రజాతిలో ఉన్నది ఆ ఒక్క జాతే. రాక్స్‌బర్గ్ మొక్కల గ్రంథం కోసం బొమ్మలు గీసిన దేశీయ చిత్రకారుల పేర్లు మాత్రం అందులో లేవు.

పేరు చెప్పగలిగినవాడి విలువ ఎంతో తెలియాలంటే కడప జిల్లాకు వెళ్ళాలి. 1848లో బ్లైత్ ఒక పక్షికి బైటార్క్వేటస్ అని జాతి పేరు పెట్టాడు. మెడకు రెండు పట్టీలున్నది అని అర్థం. 1900 తరవాత అది ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. లంకమల అడవి అంచున కలివి పొదల మధ్య తిరిగేవారికి మాత్రం అది కలివికోడి. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానికుడు దాన్ని పట్టుకున్నాడు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ అదేనని గుర్తించారు. సుమారు 86 ఏళ్ళు శాస్త్రం పోగొట్టుకున్న పక్షి అలా దొరికింది. ఐతన్న పేరు నిలిచింది. రసెల్‌కు బంగారు పామును చూపించినవాడి పేరు నిలవలేదు.

చివరగా ఇక్కడున్న విద్యార్థులకు ఒక మాట. మీరు మొక్కను న్యూస్‌పేపర్ మడతల్లో ఆరబెట్టి, అట్టకు అంటించి, కింద లేబుల్ రాస్తారు. ఏళ్ళ తరబడి అలాంటివి వేలకు వేలు దిద్దాను. శాస్త్రీయనామం, కుటుంబం, తేదీ, అన్నీ ఉంటాయి. ‘స్థానిక నామం’ అన్న గడి మాత్రం చాలావాటిలో ఖాళీ. ఇకమీదట దాన్ని వదిలేయకండి. ఆ చెట్టు కింద మేకలు కాసే అవ్వను అడగండి. ఆమె చెప్పిన మాటను చెప్పినట్టే రాయండి. పక్కన ఊరి పేరు రాయండి, ఆ అవ్వ పేరూ రాయండి.