నల్లమల కాలిబాటలో రాత్రి బస

మన ఫిల్మ్ నగరులో తయారగు భక్తిచిత్రములను చూచినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. భక్తుడు ఇంటి గడప దాటును. ఒక పాట వచ్చును. పాట ముగియునప్పటికి గాలిగోపురము కానవచ్చును. నడుమ గడచిన పగళ్లను పాటలో కొంత చూపుదురు గాని, రాత్రులను చూపరు. అతడెక్కడ పరుండెను, ఎవరు అన్నము పెట్టిరి, త్రాగుటకు నీరెక్కడ దొరకెను అనునవి చిత్రకథకు అక్కరలేని ప్రశ్నలు. కాలినడకను పోవువానికి మాత్రము అక్కరయైన ప్రశ్నలు అవియే. తుదకు దైవదర్శనము కలుగునను నమ్మకము యాత్రికునికి మొదటినుండియు ఉండును. చీకటి పడులోపల తల దాచుకొను చోటు దొరకునను నమ్మకమే ఉండదు.

హైదరాబాదు నుండి మన్ననూరు, దోమలపెంటల మీదుగా శ్రీశైలమునకు తారురోడ్డు కలదు. జూబిలీ హిల్సులో ఉదయము కాఫీ త్రాగి కారెక్కినవారు మధ్యాహ్న భోజనము వేళకు మల్లన్న సన్నిధికి చేరవచ్చును. మేము చెప్పబోవునది ఆ దారి గూర్చి కాదు. నంద్యాల జిల్లాలో ఆత్మకూరు అను ఊరున్నది. దానికి చేరువనున్న వెంకటాపురము దాటగనే అడవి మొదలగును. అచ్చటినుండి శ్రీశైలము వరకు నల్లమలలో రెండు మూడు దినముల నడక. నడుమ హోటలు లేదు, అద్దెకు గది లేదు.

ఈ దారిలోని మజిలీల పేర్లు వరుసగా వినుడు: నాగలూటి, దామెర్లకుంట, పెచ్చెరువు, మఠం బావి, భీముని కొలను, ఆపైన కైలాసద్వారము. కుంట, చెరువు, బావి, కొలను! పెచ్చెరువు అనునది పెద్దచెరువే. జనుల నోట అరిగి అట్లయినది. నాగలూటిలో వీరభద్రుని పాత ఆలయమున్నది. మఠం బావి అను పేరులో మఠమును బావియు రెండును ఉన్నవి. నాటు దారులలో మజిలీలకు ఊళ్ల పేర్లుండును. ఇచ్చట నీళ్ల పేర్లున్నవి. నీరున్నచోట యాత్రికుడు ఆగెను. ఆగినచోట పొయ్యి రాజెను. పొయ్యి రాజినచోటనే రాత్రి గడచెను. ఈ దారిని ఉగాదికి నడచిపోవుచున్న కన్నడదేశపు వృద్ధుని ఒకని, ఈ రాత్రికి మీ బస ఎక్కడ అని మేము అడిగితిమి. "బస సంగతి అడగవద్దు సామీ, నీళ్ల సంగతి అడుగండి" అని కన్నడము కలిసిన తెలుగులో చెప్పి, మూట సర్దుకొని ఆయన ముందుకు సాగెను.

శ్రీశైలమునకు నాలుగు ద్వారములని పెద్దలు చెప్పుదురు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. ఇవికాక నాలుగు ఉపద్వారములు. ఏ దిక్కు నుండి వచ్చువారికైనను అడవి చొచ్చుటకు ముందు ఒక క్షేత్రము, అందు ఆగుటకు ఒక మండపము ఉండవలెనని ఈ ఏర్పాటులోని లోకజ్ఞానము. ఉపద్వారములలో ఏలేశ్వరము నాగార్జునసాగరము క్రింద మునిగినది. సంగమేశ్వరము శ్రీశైలము జలాశయములో ఏటికి చాల నెలలు మునిగియుండి, నీరు తగ్గినప్పుడు మాత్రము బయటపడును. ఏటి ఒడ్డు మజిలీలను నీరే మింగినది. అడవి నడిమి మజిలీలు నీటి పేర నిలిచినవి.

ఈ యాత్ర నేటిది కాదు. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రములో పర్వతప్రకరణమని ఒక భాగమునే ఈ కొండకు కేటాయించి, శివరాత్రికి వచ్చు జనసందోహమును వర్ణించెను. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెను. ఆ శతాబ్దము చివర విజయనగరపు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు కట్టించెను. రాజులు మెట్లు కట్టించుటకు చూపిన శ్రద్ధను మేము కాదనము. మెట్లపై శాసనము చెక్కించవచ్చును. అడవి నడుమ గుంటలో పూడిక తీయించినవాని పేరు ఏ రాతిమీద చెక్కుదురు?

రాత్రి బస గూర్చి వ్రాసిన తెలుగువాడు ఒకడున్నాడు. ఆయన ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణము సుప్రీము కోర్టులో ద్విభాషిగా నుండిన ఈయన 1830 మే 18న కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చెను. ఆయన వ్రాసిన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయినది. ఊరూరను నీరెట్లున్నది, అంగళ్లున్నవా, దిగుటకు తావున్నదా అని ఆయన లెక్కగా వ్రాసికొనెను. అహోబలము చూచి, ఆత్మకూరు మీదుగా ఈ అడవిదారినే శ్రీశైలమునకు పోయెను. వెంట పల్లకి, డేరాలు, పెద్ద పరివారము ఉన్నవి. బీద యాత్రికునికి డేరా ఎక్కడిది? అయినను నీటి విషయమున పల్లకిలోని వానికిని మూటతో నడచువానికిని భేదము లేదు. ఇద్దరును ఆ గుంటల కడనే ఆగవలసినదే. నాడు ఈ సీమ కందనూరు నవాబుల పాలనలో నుండెను. వారు యాత్రికుల నుండి పన్ను తీసికొనుచుండిరనియు, ఆలయము మాత్రము పాడువడి యుండెననియు ఆయన వాపోయెను.

ఇప్పుడు ఈ దారిలో సందడి ఏటికి రెండుమారులు. శివరాత్రికి రాయలసీమవారు నడతురు. ఉగాదికి కర్ణాటక, మహారాష్ట్రముల నుండి వీరశైవ భక్తులు వత్తురు. వారిలో కొందరు బాగల్కోట, బిజాపూరు, షోలాపురము ప్రాంతములనుండి వందల కిలోమీటర్లు నడచివచ్చువారే. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచనియు, మల్లికార్జునుడు తమ అల్లుడనియు వారి నమ్మకము. పుట్టినింటి చీరసారెలు మోసికొని వత్తురు. ఇచ్చటి చెంచులకును మల్లన్న అల్లుడే. అమ్మవారు చెంచులపిల్ల యని వారి కథ. అల్లుని కిట్లు ఇద్దరు మామలైనను తగవు మాత్రము వినబడలేదు.

ఈ రెండు పర్వములలోను అడవిలో బస పుట్టును. పది దినముల ముందు నాగలూటిలో గాని పెచ్చెరువులో గాని ఏమియు ఉండదు. తరువాత చలువ పందిళ్లు లేచును. బండి పోగలిగినంతవరకు నీటి ట్యాంకరులు వచ్చును. చుట్టుపట్ల గ్రామములవారు బియ్యము, పప్పు, వంటపాత్రలు ట్రాక్టరులపై తెచ్చి అన్నదానము సాగింతురు. అచ్చట ఎవరును ఊరు అడుగరు, కులము అడుగరు. "రా స్వామీ, కూర్చో, ఆకు వేస్తాము" అనుటయే. తిన్నవాడు చెట్టు క్రింద దుప్పటి పరచుకొనును. అదియే అతని గది. భీముని కొలను కడ మాత్రము దారి లోయలోనికి దిగి మరల నిట్టనిలువుగ ఎక్కవలసియుండుటచే బండి రాదు. అచ్చటికి నీరైనను అన్నమైనను మనుష్యుడు మోసికొనిపోవలసినదే. కావున కొత్తగా నడచువారికి మేము చెప్పునది: చివరి రాత్రి భీముని కొలను వద్ద గడపుదమని తలపోయక, పెచ్చెరువులో నిదురించి, తెల్లవారుజామున లేచి, వెలుగు వచ్చిన వెంటనే సాగుడు. ఎండ ముదురకముందే ఆ ఎక్కుడు దాటవచ్చును. ఉగాదినాటి ఎండ శివరాత్రినాటి ఎండ వంటిది కాదు.

పర్వము ముగిసినంతనే పందిళ్లు విప్పుదురు, బస మాయమగును. ఈ అడవి 1978లో అభయారణ్యమైనది, 1983లో పులుల రక్షణ పథకము క్రిందికి వచ్చినది. మిగిలిన దినములలో అటవీశాఖ అనుమతి లేక అడుగు పెట్టరాదు. రాత్రివేళ ఒంటరిగా నడచుట ఏ దినమునను మంచిది కాదు.

ఇక్కడనే ఒక వివాదమున్నది. పెచ్చెరువులో శాశ్వతముగ వసతిగృహములు కట్టించిన యాత్రికులకు మేలుగదా యని అనేకులు అడుగుదురు. నడచి అలసినవాని మాటగా వినినప్పుడు అది న్యాయముగనే తోచును. అయినను మా అభిప్రాయము వేరు. గది కట్టినచో దానికి కావలివాడు కావలెను. కావలివానికి దీపము కావలెను. దీపమునకు తీగ, తీగకు దారి, దారిపై కార్లు, కార్లవారికి టీ అంగడి. ఐదేండ్లలో అది మరియొక రోడ్డుప్రక్క ఊరగును. కారులో వచ్చువానికి తారురోడ్డు ఇదివరకే ఉన్నది. నడచువానికి మిగిలినది ఈ ఒక్క దారి. పులులకును, చెంచుగూడెములకును కలుగు ఇబ్బంది అదనము. గదికి వేయు ధనములో పదవ వంతు శివరాత్రికి ముందే కుంటల పూడిక తీయుటకు, బావి వరలు బాగుచేయుటకు వెచ్చించిన చాలును. ఆ పనికి కూలి చెంచులకే ఇయ్యవలెను. ఆ నీళ్ల గుణము వారికన్న ఎరిగినవారు లేరు.

అడవిలో గది వలదన్న మేము శ్రీశైలమున మాత్రము వలదనము. నిజమైన కష్టము అచ్చటనే ఉన్నది. శ్రీశైలమున ఒకప్పుడు మఠములే బసలు. ఘంటామఠము, భీమశంకరమఠము, విభూతిమఠము, రుద్రాక్షమఠము, సారంగధరమఠము అను ఐదు మఠముల రాతికట్టడములు నేటికిని ఉన్నవి. తరువాతి కాలమున సత్రములు వచ్చినవి. కరివెన వారి సత్రము మొదలుకొని కులమునకొక సత్రము వెలసినది. దేవస్థానము వారి గంగాసదనము, గౌరీసదనము ఉన్నవి. ఇన్ని యుండియు, పర్వదినములలో నడచివచ్చినవాడు వీధిలోనే పరుండును. కారణము సులభము. గదులను ముందుగనే తేదీ చెప్పి కంప్యూటరు ద్వారా రిజర్వు చేసికొందురు. కారులో వచ్చువాడు తేదీయే కాక గంట కూడ చెప్పగలడు. కాలికి బొబ్బలెక్కినవాడు తాను మంగళవారము చేరునో బుధవారము చేరునో చెప్పలేడు. అందరికన్న కష్టపడి వచ్చినవానికి అందరికన్న వెనుక చోటు దొరకుచున్నది.

ఇతర దేశములలో ఈ చిక్కును తీర్చికొనిరి. స్పెయిను దేశమున సంత్యాగో అను పుణ్యక్షేత్రమునకు వందల కిలోమీటర్లు నడచిపోవుదురు. యాత్రికుని చేత ఒక చీటిపుస్తకముండును. మజిలీ మజిలీకి అందు ముద్ర వేయుదురు. ఆ ముద్రలు చూపినవారికే అచ్చటి ప్రభుత్వ సత్రములలో పడక దొరకును. ముందుగా రిజర్వు చేయుట లేదు, ఒక్క రాత్రియే, తెల్లవారగనే ఖాళీ చేయవలెను. సైకిలుపై వచ్చినవాడు నడచినవాని తరువాతనే. అంత దూరము పోనక్కరలేదు. మన పొరుగున పండరిపురమునకు పోవు వార్కరీల పాలకీలకు ఏ రాత్రి ఏ ఊరిలో దిగవలెనో తరతరములుగా నిర్ణయమున్నది. ఆ ఊరివారు ఆ రాత్రికి ఏడాదియంతయు ఎదురుచూతురు. తిరుమలలో కూడ అలిపిరి మెట్లెక్కువారి సామానును దేవస్థానమువారు ఉచితముగా కొండపైకి చేర్చుదురు. నడచువానిని వేరుగా గుర్తించుట మనకు రాని విద్య కాదు.

శ్రీశైలమునను ఇట్టిది సాధ్యమే. వెంకటాపురములో ఒక చీటి ఇచ్చి, నాగలూటిలోను పెచ్చెరువులోను ముద్ర వేసి, కైలాసద్వారమున చూచి పంపవచ్చును. ఆ చీటి తెచ్చినవానికి గది అక్కరలేదు; ఒక చాప, ఒక కప్పు, స్నానమునకు నీరు, ఒక్క రాత్రి. శివదీక్షాశిబిరములలో ఒక వరుసను ఇందుకు విడిచిన చాలును. సత్రములవారు తలకొక పది చాపలు విడిచినను చాలును. కృష్ణదేవరాయలు ఇచ్చటి రథవీధికి ఇరుప్రక్కల మండపములు కట్టించునాడు ఎవరిని తలచి కట్టించెనో, వారే ఇప్పుడును భీముని కొలను మెట్లెక్కి వచ్చుచున్నారు.