సిగ్గుపడి దాచుకుంటే ముదిరే జబ్బు
(మండల సమాఖ్య మహాసభలో చేసిన ప్రసంగం)



ఎప్పుడూ పొదుపు, అప్పుల రికవరీ గురించే మాట్లాడుకుంటం. ఈసారి నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడే విషయం చెప్తున్నాను.

మా గ్రూపులో ఒక అక్కకు ఏడు నెలలు విరేచనంలో రక్తం పడ్డది. మొలలు అనుకుని ఎవరికీ చెప్పలేదు. నాటు మందు తిన్నది, ఊళ్లో సూదులు వేయించుకున్నది. మీటింగుకు రావట్లేదని ఆమెకు ఫైన్ వేసినం. కిస్తీ కట్టలేదని నేనే ఇంటికి పోయి గట్టిగా అడిగిన. చూస్తే మనిషి సగమై మంచంలో ఉన్నది. నాకు తల కొట్టేసినట్టయింది.

పెద్ద దవాఖానలో గొట్టం వేసి చూసి పేగుపూత అన్నారు. డాక్టరమ్మను అడిగి నేను రాసుకున్నవి మీకు చెప్తాను.

మన ఒంటిని కాపాడాల్సిన శక్తి దారి తప్పి మన పేగు మీదనే పడటం ఈ జబ్బు. అల్సరేటివ్ కొలైటిస్ అయితే పెద్దపేగుకు వస్తది. క్రోన్స్ అయితే నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. పుట్టుకతో వచ్చే గుణం, తిండి, పేగులోని సూక్ష్మజీవులు అన్నీ కలిస్తేనే వస్తది.

సూక్ష్మజీవులంటే బాక్టీరియా ఒక్కటే కాదు. బూజు జాతివి, మనం బడిలో చదువుకున్న శిలీంధ్రాలు కూడా పేగులో కొద్దిగా ఉంటాయి. కాండిడా, రొట్టెను పొంగించే ఈస్ట్, తలలో చుండ్రుకు కారణమయ్యే మలసీజియా అలాంటివే. మామూలుగా అవి మనల్ని ఏమీ చేయవు. 2019లో అమెరికా శాస్త్రవేత్తలు క్రోన్స్ ఉన్న కొందరి పేగు గోడ మీద ఈ మలసీజియాను చూశారు. ఎలుకలకు ఇస్తే పేగు వాపు పెరిగింది. అయితే శిలీంధ్రమే జబ్బు తెస్తుందా, జబ్బు ఉన్న చోట అది చేరుతుందా అనేది ఇంకా తేలలేదు. అందుకని బూజు మందులు సొంతంగా కొని మింగొద్దు.

యాంటీబయాటిక్ గోళీలు కూడా అంతే. అవి బాక్టీరియాను చంపుతాయి గానీ శిలీంధ్రాన్ని చంపవు. పైరు పోయిన చేనులో గడ్డి మొలిచినట్టు, ఖాళీ అయిన చోట శిలీంధ్రం పెరగొచ్చు. ప్రతి కడుపునొప్పికీ అవి వాడకండి.

ఇంకో మాట. పేగు టీబీ కూడా అచ్చం క్రోన్స్ లాగానే కనిపిస్తది. రెండిటికీ మందులు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వాడితే ప్రాణం మీదికి రావచ్చు. పరీక్ష చేయించకుండా మందు మొదలుపెట్టొద్దు.

విరేచనంలో రక్తం, నెల దాటినా తగ్గని విరేచనాలు, రాత్రి నిద్రలో లేచి పోవాల్సి రావడం, బరువు తగ్గడం, మాటిమాటికీ జ్వరం ఉంటే దాచుకోకుండా దవాఖానకు పోండి. పేగుపూత అంటుజబ్బు కాదు. ఆ మనిషితో కలిసి తినొచ్చు. తగ్గింది కదా అని మందు మధ్యలో ఆపితే మళ్లీ తిరగబెడుతది.

ఆ అక్క ఇప్పుడు మందు వాడుతూ మీటింగులకు వస్తున్నది. ఆమెకు వేసిన ఫైన్ రద్దు చేసినం. ఎవరిదైనా కిస్తీ ఆగితే, పైసల కంటే ముందు "పానం ఎట్లున్నదక్కా?" అని అడగాలని మా గ్రూపులో తీర్మానం రాసుకున్నం. మీ గ్రూపుల్లో కూడా రాసుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.