పిల్లలతో సాలార్‌జంగ్ మ్యూజియానికి పోదాం



వచ్చే ఆదివారం మనమంతా హైదరాబాదు పోతున్నాం. సాలార్‌జంగ్ మ్యూజియం చూస్తాం. పిల్లల్ని కూడా వెంట తీసుకుపోదాం. పోయే ముందు నాలుగు మాటలు చెబుతాను. వినండి.

మ్యూజియం అంటే ఏమిటి? పాత వస్తువులను, అందమైన వస్తువులను భద్రంగా దాచి, అందరికీ చూపించే చోటు.

"అవి నవాబుల వస్తువులు కదా, మనల్ని లోపలికి రానిస్తారా?" అని ఒక అక్క అడిగింది. "ఒక రోజు కూలి పోతుంది. బొమ్మలు చూస్తే కడుపు నిండుతుందా?" అని ఇంకో అక్క అడిగింది. రెండూ అడగవలసిన మాటలే. జవాబు చెబుతాను.

ఆ వస్తువులు ఎవరివి?

హైదరాబాదును నిజాములు పాలించేవారు. నిజాం దగ్గర ప్రధానమంత్రిని దివాన్ అనేవారు. సాలార్‌జంగ్ వంశంలో చాలామంది దివాన్లు అయ్యారు. ఆ వంశంలో చివరివాడు మీర్ యూసుఫ్ అలీఖాన్. ఆయన 1889లో పుట్టాడు. నెల నిండకుండానే తండ్రి పోయాడు. 1912లో దివాన్ అయ్యాడు. రెండేళ్లకే ఆ పదవి వదిలేశాడు. పెళ్లి చేసుకోలేదు. వస్తువులు సేకరించడమే ఆయన పని అయింది. దేశదేశాల నుంచి బొమ్మలు, పటాలు, గడియారాలు, పుస్తకాలు కొన్నాడు. తాను ఉండే దివాన్ దేవిడీ నిండా పెట్టుకున్నాడు.

1949లో ఆయన చనిపోయాడు. 1951లో ఆ ఇంటినే మ్యూజియం చేశారు. ప్రధానమంత్రి నెహ్రూ దాన్ని ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాంతో అది దేశం సొత్తు అయింది. 1968లో వస్తువులన్నిటినీ మూసీ నది ఒడ్డున కట్టిన కొత్త భవనంలోకి మార్చారు. మనం పోయేది అక్కడికే.

అక్కా, అర్థమైందా? ఒకప్పుడు అది ఒక నవాబు ఇంటి సొమ్ము. ఇప్పుడు ప్రజల సొమ్ము. ప్రజలంటే మనం కూడా. టికెట్టు కొన్నవాళ్లు ఎవరైనా లోపలికి పోవచ్చు. తల వంచుకుని పోనక్కరలేదు.

ఏమేం చూద్దాం?

అక్కడ వేల వస్తువులున్నాయి. అన్నీ ఒక్క రోజులో చూడలేం. పిల్లలకు కాళ్లు నొప్పి పుడతాయి. కొన్నే చూద్దాం. నిదానంగా చూద్దాం.

మొదట పెద్ద గడియారం. గంట గంటకూ అందులోంచి చిన్న గడ్డపాయన బొమ్మ బయటికి వస్తుంది. ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండు గంటలకు పన్నెండు దెబ్బలు. పిల్లలతో లెక్కపెట్టించండి. జనం చాలామంది చేరతారు. కొంచెం ముందే పోయి కూర్చుందాం.

తరువాత రెబెకా బొమ్మ. ఇది పాలరాతి బొమ్మ. ఇటలీ దేశపు శిల్పి బెంజోనీ చెక్కాడు. రెబెకా బైబిలు కథలోని పెళ్లికూతురు. ముఖం మీద పల్చని ముసుగు వేసుకుని ఉంటుంది. ముసుగు చాటున కళ్లు, ముక్కు, పెదవులు కనబడతాయి. కానీ ఆ ముసుగు గుడ్డ కాదు. అది కూడా రాయే! "గుడ్డ ఎక్కడుంది, రాయి ఎక్కడుంది?" అని పిల్లల్ని అడగండి. వాళ్లే చూసి చెబుతారు.

ఇంకొకటి కొయ్య బొమ్మ. ముందు నుంచి చూస్తే గర్వంగా నిలబడ్డ మగవాడు. వెనక అద్దంలో చూస్తే తల వంచుకున్న ఆడపిల్ల. రెండూ ఒకే మొద్దులో చెక్కినవి.

బిదరీ పనివస్తువులు కూడా చూద్దాం. మన పక్కనే ఉన్న బీదరు ఊరి పని అది. నల్లని లోహంలో సన్నగా గాడి చెక్కి, అందులో వెండి తీగ కొడతారు.

ఒక సంగతి ఆలోచించండి. కొన్నవాడి పేరు గుమ్మం మీద ఉంది. చేసినవాళ్లలో చాలామంది పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్లు మనలాగా చేతులతో పనిచేసి బతికినవాళ్లే. పిల్లలకు ఈ మాట తప్పక చెప్పండి.

ఇప్పుడు ఆ రెండో మాటకు వస్తాను. బొమ్మలు చూస్తే కడుపు నిండదు. నిజమే. కానీ పిల్లకు ప్రశ్నలు పుడతాయి. "ఇది ఎవరు చేశారమ్మా? ఎట్లా చేశారు?" అని అడుగుతుంది. అడిగే పిల్లే చదువుతుంది.

అందుకే ఇంకో మాట. మగపిల్లవాణ్ణి వెంటబెట్టుకుని, ఆడపిల్లను ఇంటి కాపలాకు ఉంచకండి. ఇద్దరినీ తీసుకురండి. చంటిపిల్లలను వంతులవారీగా ఎత్తుకుందాం.

గుర్తు పెట్టుకోండి

వస్తువులను ముట్టుకోవద్దు. మన చేతికి చెమట, జిడ్డు ఉంటాయి. లక్షల మంది ముట్టుకుంటే తెల్లని రాయి నల్లబడుతుంది. పట్టుబట్ట చెడిపోతుంది. పిల్లలకు "చేతులు వెనక్కి పెట్టుకుని చూడు" అని చెప్పండి. ఎందుకో కూడా చెప్పండి.

గదులకు అంకెలుంటాయి. మీరు చదవండి. తెలుగు రాత కనబడితే కూడబలుక్కుని అయినా చదవండి. తొందర లేదు. రెబెకా బొమ్మను 1876లో ఈయన తాత కొన్నాడని చెబుతారు. ఇప్పటి సంవత్సరంలోంచి 1876 తీసివేయండి. ఎన్నేళ్లయిందో మీకే తెలుస్తుంది.

శుక్రవారం మ్యూజియానికి సెలవు. తరువాత ఎప్పుడైనా మీరే పోవాలంటే ఇది గుర్తుండాలి.

ఆఖరి మాట. జనంలో పిల్లలు తప్పిపోవచ్చు. పిల్ల పేరు, మీ పేరు, ఊరి పేరు, ఫోను నంబరు ఒక చీటీ మీద రాసి పిల్ల జేబులో పెట్టండి. ఆ చీటీ నేను రాయను. ఎవరితోనూ రాయించవద్దు. మీరే రాయండి. అక్షరం వంకర పోయినా ఫరవాలేదు, నంబరు మాత్రం రెండుసార్లు సరిచూసుకోండి.

శనివారం సాయంత్రం చీటీలు తీసుకురండి. అందరం కలిసి చదువుదాం.