వెన్న రుచి ఎక్కడ పుడుతుంది?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో పాడి ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు ఇందాకే చదివారు కాబట్టి నేను వాటి జోలికి వెళ్ళను. నాకిచ్చిన పది నిమిషాలూ వెన్న గురించే మాట్లాడతాను.

ఒకే ఊరు, ఒకే రకం గేదెలు, ఒకే చెరువు నీళ్ళు. అయినా ఒకరి వెన్న బజారుకెళ్ళిన గంటకే అయిపోతుంది, ఇంకొకరిది సాయంత్రం దాకా మిగిలిపోతుంది. ఎందుకమ్మా అంటే "ఆవిడ చేతి మహిమ" అని వదిలేస్తాం. చెయ్యి కొంత నిజమే. కానీ మహిమ అనేసుకుంటే మిగతా వాళ్ళం నేర్చుకునేది ఏమీ ఉండదు. నేను చెప్పేదేంటంటే, వెన్న రుచి కవ్వం పట్టుకున్నాక పుట్టేది కాదు. చాలావరకు అంతకు ముందు రోజుల్లోనే, మేత దగ్గర, పాల గిన్నె దగ్గర, తోడు దగ్గర తేలిపోతుంది. కవ్వం దానిని బయటికి తీస్తుంది, అంతే.

ముందు మేత సంగతి. పచ్చమేత బాగా తిన్న పశువు వెన్న మెత్తగా ఉంటుంది, వాసన నిండుగా ఉంటుంది. పత్తిగింజల చెక్క ఎక్కువ పెడితే వెన్న గట్టిగా వస్తుంది. ఉల్లికాడలు, క్యాబేజీ ఆకులు, పాతర గడ్డి లాంటి ఘాటు మేత పాలు పిండే ముందు పెడితే ఆ వాసన పాలలోకి దిగుతుంది. అదే మేత పిండిన తర్వాత పెట్టండి, ఇబ్బంది ఉండదు. ఇందులో రూపాయి ఖర్చు లేదు, వేళ మార్చుకోవడమే.

రంగు చూసి మోసపోవద్దు. ఆవు వెన్న పచ్చగా ఉండేది మేతలోని కెరోటిన్ వల్ల. గేదె ఆ కెరోటిన్‌ని ఒంట్లోనే విటమిన్ ఏ గా మార్చేసుకుంటుంది, అందుకే గేదె వెన్న తెల్లగా ఉంటుంది. తెలుపు లోపం కాదు. కొనేవాళ్ళు అడిగితే ఈ మాటే చెప్పండి, రంగు మాత్రం కలపకండి.

రెండోది పాల గిన్నె. కొవ్వుకి ఒక గుణం ఉంది, పక్కనున్న వాసనని పీల్చుకుంటుంది. కిరసనాయిలు డబ్బా పక్కన, కోసిన ఉల్లిపాయ పక్కన, ఫ్రిజ్‌లో చేపల కూర పక్కన మూత లేకుండా మీగడ పెడితే ఆ వాసన వెన్న దాకా వస్తుంది. ఎండ తగిలినా, కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో ఉంచినా కొవ్వు పాడై రుచి మారుతుంది. స్టీలు గిన్నె, గట్టి మూత, నీడ. ఈ మూడూ చాలు. పొదుగువాపు వచ్చిన గేదె పాలు కాస్త ఉప్పగా ఉంటాయి, వాటిని కలపకండి. ఆ జబ్బుకి సూది మందు వేయించిన పాలయితే సరిగ్గా తోడుకోవు కూడా. డాక్టరు చెప్పిన రోజులు గడిచేదాకా అవి అమ్మకానికి పనికిరావు.

మూడోది తోడు. అసలు రుచి ఇక్కడే ఉంది. పాలల్లో నిమ్మకాయలో ఉండే సిట్రిక్ ఆమ్లమే కొద్దిగా ఉంటుంది. మంచి పెరుగులోని కొన్ని సూక్ష్మజీవులు దాని నుంచి డైఎసిటిల్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. చిలికిన వెన్న మూత తీయగానే ముక్కుకి తగిలే ఆ కమ్మటి వాసన చాలావరకు దానిదే. తియ్యటి మీగడని అలాగే చిలికితే వెన్న పడుతుంది గానీ రుచి చప్పగా ఉంటుంది. తోడుపెట్టి చిలికితే కమ్మగా ఉంటుంది. తేడా అక్కడుంది.

అయితే పులియడం వేరు, చెడిపోవడం వేరు. పచ్చిపాలలో కొవ్వుని విరిచే ఎంజైము ఒకటి ఉంటుంది. పాలు బాగా కాగితే అది చచ్చిపోతుంది. కాచకుండా తీసిన మీగడలో అది పనిచేస్తూనే ఉంటుంది. కాచినా సరే, తోడు వేయకుండా వారం, పది రోజులు ఫ్రిజ్‌లో పోగుచేస్తే, చలిలో కూడా పెరిగే వేరే సూక్ష్మజీవులు చేరి అదే పని చేస్తాయి. అప్పుడు బ్యుటిరిక్ ఆమ్లం బయటికొస్తుంది. చంటిపిల్ల కక్కిన పాల వాసన తెలుసు కదా, అదే ఇది. దాన్నే మనం కనరు అంటాం. కనరెక్కిన మీగడకి మందు లేదు. ఎంత కడిగినా, నెయ్యి కాచినా ఆ కంపు పూర్తిగా పోదు.

అందుకని మొదటి రోజు మీగడలోనే ఒక చెంచా మంచి పెరుగు కలపండి. ఆ పులుపు చెడ్డవాటిని చాలావరకు పెరగనివ్వదు. తర్వాత రోజుల మీగడ అందులోనే వేస్తూ కలుపుతూ ఉండండి. మూడు రోజులు, మహా అయితే నాలుగు. అంతకు మించి ఆగొద్దు.

ఇక చిలకడం. కొవ్వు కొంత గట్టిగా, కొంత మెత్తగా ఉన్నప్పుడే వెన్న బాగా పడుతుంది. మరీ చల్లగా ఉంటే ఎంతసేపు చిలికినా రాదు. వెచ్చగా ఉంటే జిడ్డుగా వస్తుంది, కొంత వెన్న మజ్జిగలోనే పోతుంది. మన పెద్దవాళ్ళు తెల్లారగట్ల చిలికింది ఇందుకే. వేసవిలో చల్లటి నీళ్ళు పోసి చిలకండి. మిక్సీ వాడేవాళ్ళు వేడెక్కకుండా ఆపి ఆపి తిప్పండి. వెన్న గోధుమగింజలంత పలుకులుగా తేలగానే ఆపేయాలి. ముద్ద కట్టేదాకా చిలికితే మజ్జిగ లోపలే చిక్కుకుపోతుంది, ఆ మజ్జిగే తర్వాత వెన్నని పాడుచేస్తుంది. కాచి చల్లార్చిన నీళ్ళతో, నీరు తేటగా వచ్చేదాకా కడగండి. మంచినీళ్ళు కాని నీళ్ళతో కడిగితే కడగకపోవడమే మేలు.

కడిగాక నీళ్ళు బాగా పిండాలి. ప్యాకెట్‌లో అమ్మే టేబుల్ బటర్‌లో కొవ్వు 80 శాతానికి తగ్గకూడదని, నీరు 16 శాతం మించకూడదని, ఉప్పు 3 శాతం దాటకూడదని ప్రభుత్వ ప్రమాణం. నీళ్ళు దించకుండా తూకం వేస్తే ఆ పూట నాలుగు రూపాయలు ఎక్కువ రావచ్చు. కొన్నావిడ నెయ్యి కాచిన రోజున గిన్నెలో చిటపటలు విని సంగతి తెలుసుకుంటుంది, మళ్ళీ మన దగ్గరికి రాదు.

ఇంకొక సంగతి. మనకి రుచిగా ఉన్నది కొనేవాళ్ళకీ రుచిగా ఉండాలని లేదు. గుజరాత్‌లోని ఆనంద్‌లో పాల రైతులు 1946లో సహకార సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు మనందరికీ తెలిసిన అమూల్ అదే. వాళ్ళు గేదె పాల తాజా మీగడతో వెన్న తీసి అమ్మితే, అప్పటి బొంబాయి జనం చప్పగా ఉందన్నారు. ఎందుకంటే వాళ్ళకి పోల్సన్ కంపెనీ వెన్న అలవాటు. అది పులిసిన మీగడతో, బాగా ఉప్పేసి చేసింది. తాజాదనం ఉన్నా అలవాటు ముందు ఓడిపోయింది. చివరికి సంఘమే ఆ రుచికి తగ్గట్టు తన వెన్నని మార్చుకోవలసి వచ్చింది. కాబట్టి మనం కూడా అడగాలి. పిల్లలకి ముద్దలో పెట్టే ఇంటికి ఉప్పులేని తాజా వెన్న కావాలి. టిఫిన్ హోటలుకి దోసె మీద వేయడానికి ఒకటే తీరుగా రోజూ రావాలి. నెయ్యి కాచుకునేవాళ్ళకి కాస్త పులుపు ఎక్కువున్నా ఫరవాలేదు. ముగ్గురికీ ఒకే డబ్బా అంటగడితే ఇద్దరు వదులుకుంటారు.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. ఎవరింట్లో వాళ్ళు వెన్న తీసుకుని అమ్ముకుంటే మంచీ చెడూ ఆ ఇంటిదే. కానీ మనం సంఘం పేరు మీద అందరి మీగడా కలిపి అమ్ముదామనుకుంటున్నాం. పది గిన్నెల్లో ఒక గిన్నె కనరెక్కితే పదీ కనరే. అప్పుడు పోయేది ఒక్కరి పేరు కాదు. "వాసన వచ్చింది, నీది వద్దు" అని మొహం మీద ఎవరు అంటారు? తోటి సభ్యురాలు, పొద్దున లేస్తే ఎదురుపడే మనిషి. అందుకే ఎవరమూ అనం. అనకుండా కలిపేస్తే నష్టం అందరికీ వస్తుంది, గొడవా అప్పుడే వస్తుంది.

ఇంకో పక్క కూడా చూడాలి. మీగడ చెడిందంటే ఆవిడ అశ్రద్ధ మనిషని కాదు. ఒక్క గేదె ఉన్న ఇంట్లో చిలకడానికి సరిపడా మీగడ పోగవ్వాలంటే రోజులు పడుతుంది. ఫ్రిజ్ ఉండదు. తెల్లారేసరికి కూలికి వెళ్ళాలి. మనం రూలు పెట్టి తిప్పి పంపిస్తే ముందు బయటికి పోయేది ఆవిడే. మన సంఘాలు పుట్టింది అలాంటి ఆవిడ కోసమే కదా!

అందుకని మీ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాను. ఒకటి, మీగడ వారానికోసారి కాదు, రెండు రోజులకోసారి గ్రామ సంఘం దగ్గర తీసుకుని అక్కడే కలిపి చిలకాలి. అలా అయితే ఒక్క గేదె ఉన్నావిడ గ్లాసెడు మీగడ తెచ్చినా చెల్లుతుంది. రెండు, తీసుకునేటప్పుడు వాసన చూసే పని ఇద్దరికి ఇవ్వాలి, నెల నెలా వంతులు మారాలి. అప్పుడు ఎవరి మీదా పగ ఉండదు. ఈ నెల నీ గిన్నె నేను చూస్తాను, వచ్చే నెల నా గిన్నె నువ్వు చూస్తావు. బాగున్నది వెన్నకి, పులుపెక్కింది నెయ్యికి వేరే ధరకి, కనరెక్కింది కారణం చెప్పి వెనక్కి. వద్దనేది మీగడని, మనిషిని కాదు. మూడు, సంఘానికి ఒక ఫ్రిజ్ ఉమ్మడి నిధి నుంచి కొనాలి. ఇంట్లో ఫ్రిజ్ లేనివాళ్ళ మీగడకి అందులో ముందు చోటివ్వాలి.

తీర్మానం నచ్చితే చేతులెత్తండి, నచ్చకపోతే లేచి అడగండి. ఏం చేసినా మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టుకుందాం. వచ్చే మహాసభలో అమ్మకం లెక్కతో పాటు ఎన్ని గిన్నెలు వెనక్కి పంపాం, ఎందుకు పంపాం అన్నది కూడా చదువుకుందాం. ఆ సంఖ్య తగ్గితే మనం నేర్చుకున్నట్టు. ఆ తగ్గడంలో ఒక్క గేదె ఉన్నావిడ ఇంకా మనతోనే ఉంటే, సంఘం నిలబడినట్టు.